నొక్కొద్దంటే వినరు

ఊపిరాడని పిల్లకు ఊపిరి అందించడం ఏమంత కష్టం కాదు, నన్నడిగితే. గొంతులోకి పైపు దింపే డాక్టరు ఉండాలి, పైపుకు తగిలించే రబ్బరు సంచి ఉండాలి, దాన్ని నొక్కే చెయ్యి ఉండాలి. అసలు గొడవంతా ఆ చెయ్యి తీయించే దగ్గరే. ఆదోనిలో పిల్లల వార్డు నర్సుగా నేను గడిపిన ఏళ్ళలో మనుషుల మీద నాకు వచ్చిన కోపంలో సగం ఆ ఒక్క పని దగ్గరే వచ్చింది. మిగతా సగం నీళ్ళ కుళాయి దగ్గర వచ్చింది, అది వేరే సంగతి.

అవి డెబ్భైలు పోయి ఎనభైలు వస్తున్న రోజులు. ఇప్పటిలాగా మంచానికొక ఊపిరి కొట్టే మిషను లేదు. మాకూ ఒకటి వచ్చిందన్నారు, చెక్కపెట్టెలో. దాన్ని విప్పి బిగించే మనిషి వస్తాడన్నారు. ఆ మహానుభావుడు రాలేదు. పెట్టె మీద సెలైన్ సీసాల అట్టపెట్టెలు ఎక్కాయి, వాటి మీద చీపుళ్ళు ఎక్కాయి. పోనీ కర్నూలుకు పంపుదామంటే, ఆ రోడ్డు మీద జీపు కుదుపులకు గొంతులో పైపు ఊడిందంటే అంతే సంగతులు. కాబట్టి మాకు దిక్కు ఆ రబ్బరు సంచే. కొలిమి తిత్తిలాగా నొక్కితే గాలి కొడుతుంది కనుక వార్డులో అందరం దాన్ని తిత్తి అనేవాళ్ళం. మరి నొక్కేది ఎవరు? వార్డు నిండా పిల్లలు, నర్సును నేనొక్కదాన్ని. అందుకని పిల్ల తాలూకు మనుషులకే నేర్పించి, మంచం తలాపున స్టూలు వేసి కూర్చోబెట్టేవాళ్ళం.

పొలం పనుల మనుషులు వచ్చేవాళ్ళు, ఆస్పరి వైపు నుంచి, ఇంకా లోపలి పల్లెల నుంచి. కష్టానికి వెనకాడేవాళ్ళు కాదు, గడ్డపార ఇస్తే పొద్దుగూకే దాకా తవ్వేవాళ్ళు. తిత్తి చేతికిస్తే మాత్రం కాసేపటికే మణికట్టు పట్టుకునేది. ఒకడు గట్టిగా, ఒకడు మెత్తగా, ఒకడు కునుకుతూ. నేను మందు కలుపుతూ కలుపుతూ ఓ చెవి అటే పడేసి ఉండేదాన్ని. తిత్తి మూతిలో గాలికి తెరుచుకొని మూసుకునే రబ్బరు బిళ్ళ టప్పు టప్పుమనే చప్పుడు ఆగిందంటే నా గుండె ఆగేది. అట్లా చేతులు అలిసిపోయి మా కళ్ళముందే పోయిన పిల్లలు ఉన్నారు. అందుకే తిత్తి ఇచ్చేటప్పుడు ఎవరికైనా ఒకటే చెప్పేదాన్ని, మొహం మీదే, మెత్తమెత్తగా కాకుండా. చెయ్యి ఆగితే పిల్ల పోతుంది, గుర్తు పెట్టుకో అని. ఇప్పటికీ అంటాను, ఆ మాట చెప్పకుండా ఆ సంచి ఎవరి చేతిలోనూ పెట్టకూడదు.

అటువంటి చోటికి ఎమ్మిగనూరు నుంచి ఆ పాప వచ్చింది. మగ్గం నేసుకునే ఇల్లు. ఆరేళ్ళుంటాయేమో, సన్నగా, పొడుగాటి జడతో. గుంట మగ్గం పక్కన చాప మీద పడుకున్న పిల్లను కట్లపాము కరిచింది. ఆ పాము కాటు చీమ కుట్టినంత కూడా తెలియదు. వాపుండదు, నెత్తురుండదు. పొద్దున కడుపునొప్పి అంటే పాలు తాగించారు, రెప్పలు వాలిపోతుంటే నిద్ర చాల్లేదనుకున్నారు. మాట ముద్దముద్దగా వచ్చేసరికి పాప అవ్వకు అనుమానం వచ్చి, మగ్గం గుంటలోకి దిగి వెతికితే మూలన చుట్టలు చుట్టుకొని కనపడిందట. మా దగ్గరికి తెచ్చేసరికి పాపకు ఊపిరి పైపైనే ఆడుతోంది, ఎంగిలి మింగడం చేతకాక నోటి పక్కనుంచి కారుతోంది.

మా పిల్లల డాక్టరు కోస్తా నుంచి వచ్చిన చిన్నవయసాయన. చెయ్యి మంచిది. వచ్చీ రాగానే పైపు దింపాడు, విషానికి విరుగుడు మందు ఎక్కించాడు, తిత్తి తగిలించాడు. పాప తాలూకు మనుషులను పిలిచి, ఈ పాము విషం తలకెక్కదు, కండల్లో సత్తువ మాత్రం తీసేస్తుంది అని ఓపిగ్గా చెప్పాడు. పాపకు అన్నీ వినపడతాయి, అన్నీ తెలుస్తాయి, రెప్ప ఎత్తే బలం కూడా ఉండదు, అంతే. విషం పట్టు విడిచేదాకా మనం ఊపిరి కొట్టాలి, విడిచాక మెల్లగా మాన్పించాలి. ఇదంతా వాళ్ళు తలలూపుతూ విన్నారు. మాన్పించాలన్న ముక్క మాత్రం ఆ తలల్లోకి పోనే లేదని నాకు తర్వాత తెలిసొచ్చింది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. పాప నాయన, చిన్నాయన, నాయనను కన్న అవ్వ. తల్లి పచ్చి బాలింత, ఎమ్మిగనూరులోనే ఉండిపోయింది. ముగ్గురికీ తిత్తి నొక్కడం నేర్పించాను, నా హెచ్చరిక నేను చేశాను. నిజం చెప్పొద్దూ, మొదటి రోజు వాళ్ళను చూసి మురిసిపోయాను. ఏం చేతులు తల్లీ అవి! ఊహ తెలిసినప్పటినుంచి మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ నాడె విసిరిన చేతులు. ఒకే బలం, ఒకే ఎడం. ఒకరు లేచి ఒకరు కూర్చోవాలంటే, లేచేవాళ్ళ చెయ్యి కింద కూర్చునేవాళ్ళ చెయ్యి దూరేది, రెండు నొక్కులు కలిసి నొక్కేవాళ్ళు, మూడోది కొత్త చెయ్యిది. మధ్యలో వెంట్రుకవాసి సందు ఉండేది కాదు. ఇంట్లో కూడా నేత ఆపకుండా అట్లాగే మార్చుకుంటారట. స్టూలు మీద కూర్చున్న అవ్వ కాళ్ళు కూడా ఊరుకునేవి కావు. మగ్గం కింద చెక్కలు తొక్కినట్టు ఒకటి తర్వాత ఒకటి లేచి పడుతుండేవి. వార్డంతా పిలిచి చూపించాను, నొక్కితే ఇట్లా నొక్కాలి అని. నా బుద్ధికి అప్పుడు అంతే తోచింది, ఆ చేతులు చూస్తే ఎవరికైనా అంతే తోస్తుంది.

పాప గండం గడిచింది. గోళ్ళు ఎర్రబడ్డాయి, నాడి కుదురుకుంది. ఒక ఉదయం నేను ఒళ్ళు తుడుస్తుంటే కాలి బొటనవేలు కదిలింది. ఆ మర్నాటికి పిడికిలి బిగించమంటే బిగించింది. రెప్పలు సగం లేచాయి, నేనెటు పోతే అటు చూపు తిరిగేది. నాకు సంతోషం పట్టలేదు. విషం పట్టు విడుస్తోంది, ఇక ఊపిరి కూడా తనే తీసుకోవాలి, తిత్తి మాన్పించాలి. డాక్టరు కూడా అదే అన్నాడు. అక్కడినుంచి మొదలయ్యాయి నా తిప్పలు.

పొద్దున రౌండ్లప్పుడు డాక్టరు వచ్చి అవ్వ చేతిలోంచి తిత్తి తీసుకొని పక్కన పెట్టేవాడు. అందరం పాప ఛాతీ మీద చూపు నిలిపేవాళ్ళం. ఛాతీ కదిలేది కాదు. కాసేపు చూసేవాళ్ళం. పాప కళ్ళు పెద్దవయ్యేవి. అవ్వ చేతులు గాల్లో కొట్టుకునేవి. డాక్టరు ఇంకొంచెం ఆగుదామనుకునేలోపు ఆమె తిత్తి అందుకొని నొక్కడం మొదలుపెట్టేది. విషం ఇంకా దిగినట్టు లేదమ్మా అని ఆయన అనేవాడు. బయట గేటు దాకా జనం నిలబడి ఉండేవాళ్ళు ఆయన కోసం, వెళ్ళిపోయేవాడు.

నాకు మాత్రం అది నమ్మబుద్ధి కాలేదు. పిడికిలి బిగించే పిల్లకు ఊపిరి తీసే సత్తువ లేకుండా ఎట్లా ఉంటుంది? మధ్యాహ్నం అవ్వ నొక్కుతుంటే నిలబడి చూశాను. అప్పుడు తట్టింది. ఆమె ఆరేళ్ళ పిల్ల ఊపిరికి తగ్గట్టు నొక్కడం లేదు, మగ్గం నడిచే వేగానికి నొక్కుతోంది. నొక్కులు నిండుగా, వరసగా, ఒకదాని వెనక ఒకటి. లోపల గాలి అంత నిండుగా ఆడుతుంటే ఒంటికి ఊపిరి తీసుకోవాలన్న యావే పుట్టదు, కడుపు నిండా తిన్నవాడికి ఆకలి పుట్టనట్టు. పొద్దంతా అట్లా నింపి పెట్టి, ఒక్క నిమిషం తిత్తి తీసి పక్కన పెట్టి, పీల్చు అంటే పిల్ల ఎందుకు పీలుస్తుంది?

డాక్టరుకు చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు, నువ్వన్నది నిజమే, వేగం తగ్గించమను, మధ్య మధ్య ఆపించు అన్నాడు. అనడానికేం, అనేసి ఓపీకి పోయాడు. తగ్గించాల్సింది నేను.

అదేదో చిన్న పని అనుకుంటారు. నెమ్మదిగా నొక్కు పెద్దమ్మా అంటే, అట్లాగే తల్లీ అనేది. నేను చూస్తున్నంతసేపు నెమ్మదిగానే నొక్కేది. నేను పక్క మంచానికి తిరిగానో లేదో మళ్ళీ అదే టప్పు టప్పు. వెనక్కి తిరిగి అరిస్తే నెమ్మది. మళ్ళీ తిరిగితే మళ్ళీ మగ్గం. నాయన అయినా అంతే, చిన్నాయన అయినా అంతే. కావాలని చేసేవాళ్ళు కాదు, అదే నాకు ఒళ్ళు మంట. మనిషి మాట వింటాడు, చెయ్యి వినదు. ఆ చేతులకు అదొక్క వేగమే తెలుసు. ఒక నొక్కు వదిలి ఒక నొక్కు నొక్కమన్నాను. వదలాల్సిన నొక్కు దగ్గర చిన్నాయనకు చెమటలు పట్టేవి. గడియారం ముల్లు చూసి నొక్కమని నా చేతి గడియారం తీసి ఇచ్చాను. అవ్వ దాన్ని జాగ్రత్తగా కొంగున ముడేసుకొని, ముల్లు మొహం చూడకుండా నొక్కింది.

ఒకరోజు అరికాలి మంట నెత్తికెక్కింది. నువ్వే ఆ పిల్లను ఊపిరి తీయనివ్వడం లేదు, తెలుసా నీకు, అని వార్డందరి ముందూ అనేశాను. ఆమె చెయ్యి ఆపలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మొన్న నువ్వే సెప్తివి గదమ్మా, సెయ్యి ఆగితే బిడ్డ పోతాదని. ఇప్పుడు నువ్వే ఆపమంటాండావు. ఏ మాట ఇనాల మేము?"

రెండూ నిజమే. మొన్న ఆ మాట నిజం, ఇవాళ ఈ మాట నిజం. ఆ సంగతి తలాతోకా విడమరిచి చెబుతుంటే, ఎవరి పిల్లకో సూది గుచ్చిన చోట వాచిందని పిలుపు వచ్చింది. మాట సగంలో వదిలేసి పోయాను. ఆ వార్డులో ఏ మాటా ఏనాడూ పూర్తి కాలేదు నాకు.

ఇంకో పక్క చుట్టాల తాకిడి. కృష్ణగిరి నుంచి ఎవరో మేనమామ వరసాయన వచ్చి, తిత్తి నొక్కకుండా ఆపించాలని చూస్తున్నారంటే ఇక ఆశ లేదని అర్థం, పిల్లను ఇంటికి తీసుకుపోదాం అన్నాడు. పాప తలదిండు పక్కనే నిలబడి అన్నాడు ఆ మాట. పాపకు అన్నీ వినపడతాయయ్యా అని ఆయన్ను రెక్క పట్టుకొని బయటికి లాక్కుపోయాను. తర్వాత వచ్చి చూస్తే పాప కంటి కొసన తడి. తుడిచాను. ఇంటికి పోతావులే, నడిచి పోతావు, అన్నాను. అయితే అంత ధైర్యం నాలో ఉందా అంటే లేదు.

ఎందుకంటే ఒళ్ళు వెచ్చబడింది. పైపు లోంచి వచ్చే తెమడ అంతదాకా నీళ్ళలా ఉండేది, చిక్కబడి పచ్చగా మారింది. కాలితో తొక్కే పంపుతో ఎంత లాగినా మళ్ళీ మళ్ళీ పేరుకుంటోంది. ఆ రోజు డాక్టరు పాప ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. నన్ను వరండాలోకి పిలిచి, పైపు ఇంకా ఉంటే ఊపిరితిత్తుల్లో చీము పడుతుంది, విషం నుంచి బతికించిన పిల్ల దీనితో పోతుంది అన్నాడు. వేరే మందు రాశాడు. ఒకటి రెండు రోజుల్లో పైపు తీయలేకపోతే తన చేతిలో ఏమీ లేదన్నాడు. ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను. అంత దూరం లాక్కొచ్చిన పిల్ల, పిడికిలి బిగించే పిల్ల, మంచి చేతుల వల్ల చచ్చిపోతుందా? పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. చెక్కపెట్టె మీద, రోడ్డు మీద, ఆ టప్పు టప్పు మీద.

ఆ మధ్యాహ్నం వార్డులోకి పోయి ముగ్గురినీ లేవగొట్టాను. బస్టాండు దగ్గర హోటల్లో అన్నం తిని రండి, తినకపోతే మీరు కూడా మంచాలెక్కుతారు, అప్పుడు మిమ్మల్ని చూసే ఓపిక నాకు లేదు అన్నాను. నాయన, చిన్నాయన వెళ్ళారు. అవ్వ కదలనంది. ఆమె చేతిలోంచి తిత్తి లాగేసుకొని, వెళ్తావా వెళ్ళవా అని గుడ్లురిమాను. వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోయింది. తిత్తి నా చేతికి రాగానే అనుకున్నాను, ఇక ఈ పూట దీన్ని వదిలేది లేదు, నెమ్మదిగా నేనే మాన్పిస్తాను అని. నాలుగు నొక్కులు నొక్కానో లేదో, వార్డు ఆ చివరి మంచంలో పసిగుడ్డుకు ఫిట్సు మొదలయ్యాయి. వాళ్ళమ్మ కేక పెట్టింది.

నా నుదుటి రాత ఎప్పుడూ అంతే. పక్క మంచం వైపు చూశాను. ఆ మంచంలో టైఫాయిడ్ జ్వరం తగ్గుముఖం పట్టిన ఒక చిన్నపిల్ల, పక్కన వాళ్ళ నాన్న. ఆదోని పత్తి మండీలో తూకాలు వేసే సాయిబు. అందరం భాయ్ అని పిలిచేవాళ్ళం. ఆయన నోరు పొద్దున తెరుచుకుంటే దీపాలు పెట్టే వేళకు మూసుకునేది. మండీ సంగతులు, బళ్ళారి సంగతులు, బక్రీదు నాటి పొట్టేలు సంగతులు, ఎవరికీ అక్కర్లేని సంగతులు. వార్డులో నాకు తలనొప్పి తెప్పించే మనుషుల్లో మొదటివాడు. వేరే దిక్కులేక తిత్తి ఆయన చేతిలో పెట్టాను. ఇట్లా మెల్లగా నొక్కు భాయ్, వస్తున్నా అని చెప్పి పరిగెత్తాను. చెయ్యి ఆగితే పిల్ల పోతుందన్న మాట చెప్పడానికి కూడా తీరలేదు.

పసిగుడ్డుకు సూది వేసి, పక్కకు తిప్పి పట్టుకొని ఉన్నాను. ఒక చెవి ఎప్పటిలాగే అటే ఉంది. టప్పు... చాలాసేపు ఏమీ లేదు. టప్పు, టప్పు... మళ్ళీ ఏమీ లేదు. వెనకనుంచి భాయ్ గొంతు వినపడుతోంది, ఎవరో వ్యాపారి తడిపిన పత్తి తెచ్చి తూకంలో పెట్టిన కథ, తన కూతురికి చెబుతున్నాడు. చేతిలో పసిగుడ్డు ఇంకా కొట్టుకుంటోంది, వదలడానికి లేదు. భాయ్, నొక్కు అని అరిచాను. హా హా అన్నాడు. టప్పు. మళ్ళీ కథ. ఆ నిమిషంలో ఆయన్ను తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టే రకం కాదు.

పసిగుడ్డు నెమ్మదించింది. తల్లి చేతిలో పెట్టి ఒక్క ఉదుటున వచ్చాను, ఆ మనిషిని చెంప మీద కొట్టాలన్నంత కోపంతో. వచ్చేసరికి తిత్తి ఆయన ఒళ్ళో ఉంది. చెయ్యి దాని మీదే ఉంది, నొక్కడం లేదు. ఆయన మొహం తెల్లబోయి ఉంది. మొదటిసారి ఆయన నోట మాట మెల్లగా వచ్చింది.

"మాటల్లో పడి మరిసిపోయినా సిస్టరమ్మా. పాప నా కోసం ఆగలేదు."

చూశాను. పాప ఛాతీ లేస్తోంది. పడుతోంది. ఎవరూ నొక్కకుండా. కొంచెం ఆగి మళ్ళీ లేస్తోంది. పైపు చివరన బిళ్ళ చిన్నగా టప్పుమంటోంది, అది లోపలినుంచి వచ్చే చప్పుడు. గోళ్ళు చూశాను, ఎర్రగానే ఉన్నాయి. నాడి పట్టుకున్నాను, ఉరుకుతోంది కానీ గట్టిగా ఉంది. పాప నా వైపే చూస్తోంది. ఆయన కథలు ఆగిన ఆ కాసేపట్లో వార్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు తెలిసింది. పోయి డాక్టరుగారిని పిలుచుకురా భాయ్, పరిగెత్తు, అన్నాను.

ఆయన అటు పోవడం, అవ్వ ఇటు రావడం. హోటలు దాకా పోనే లేదు ఆమె, గేటు దగ్గర నిలబడి నిలబడి వెనక్కి వచ్చేసింది. వస్తూనే ఆమెకు కనపడింది, మంచం మీద వట్టిగా పడి ఉన్న తిత్తి. ఎవరి చేతిలోనూ లేదు. ఆమె నోట్లోంచి వచ్చింది కేక కాదు, గాలి తీసేసిన గోలి సోడా చప్పుడులాంటిదేదో. తిత్తి మీదికి పడింది. నేను అడ్డం పడ్డాను. ఆ సన్నటి మనిషికి అంత బలం ఎక్కడిదో, నన్ను తోసుకుపోతోంది. రెండు మణికట్లూ పట్టేసుకున్నాను. నా గుప్పిట్లో కూడా ఆ చేతులు నొక్కుతూనే ఉన్నాయి, అదే వేగంతో, తిత్తి లేకుండానే.

వదలమంటోంది, నేను వదలలేదు. లాక్కెళ్ళి ఆమె అరచేతిని తీసి పైపు చివర పెట్టాను. పాప ఊపిరి వదిలింది. వెచ్చటి గాలి ఆమె అరచేతికి తగిలింది. మళ్ళీ వదిలింది.

"సూడవ్వా. ఇది నువ్వు కొట్టిన గాలి కాదు."

ఆమె చేతుల్లో పట్టు మెల్లగా సడలింది. అప్పుడు ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, అబద్ధమెందుకు. ఏడుస్తూనే మణికట్లు మాత్రం వదలలేదు, నాకు నమ్మకం లేక.

డాక్టరు ఓపీ వదిలేసి వచ్చాడు. పైపుకు ఆక్సిజన్ గొట్టం మాత్రం తగిలించి, తిత్తిని తీసి నా చేతికిచ్చి, నేను చెప్పేదాకా ఇది ఎవరి కంటా పడకూడదు అన్నాడు. తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాను. తిరిగొచ్చేసరికి నాయన, చిన్నాయన కూడా మంచం దగ్గర ఉన్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి చంకల్లో, ఒకసారి వెనక. పాప ఊపిరి ఒక్కోసారి పలచనయ్యేది, అప్పుడు ముగ్గురూ ఒకేసారి నా మొహం చూసేవాళ్ళు. గమ్మునుండండి అనేదాన్ని. మళ్ళీ పెద్ద ఊపిరి తీసేది పాప. సాయంత్రానికి దగ్గు కూడా వచ్చింది, గట్టిగా, తెమడంతా పైపులోకి ఎగదన్నేటట్టు. ఆ దగ్గు విని డాక్టరు నవ్వాడు. దగ్గగలిగిన పిల్లకు పైపు అక్కర్లేదని లాగేశాడు.

రెండు రోజులు గొంతు రాలేదు. జ్వరం దిగింది. రాగిజావ చెంచాతో తాగింది. మూడో రోజు పొద్దున నేను జడ వేస్తున్నాను, అవ్వ ఎదురుగా కూర్చొని అందరికీ చెబుతోంది, మూడు ప్రాణాలం వంతులు వేసుకొని ఒక్క గడియ ఆపకుండా నొక్కితిమి, అందుకే దక్కింది బిడ్డ అని. భాయ్ కూడా తలూపుతున్నాడు, ఏం ఫికర్ లేదు, అల్లా దయ అంటున్నాడు. నిజానికి ఆ మాట తప్పేమీ కాదు. ఆ చేతులు లేకపోతే మొదటి రోజే పోయేది. నేను పాప జడ అల్లుతూనే ఉన్నాను.

పాప గొంతు అప్పుడు వచ్చింది, గరగరమంటూ. అంత చిన్న పిల్ల అంత విసుగ్గా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"నేను పీల్సుకుందామనే లోపలే నువ్వు నొక్కుతాంటివి అవ్వా. నా వంతు రానేలేదు."

అవ్వ పాప వైపు తిరిగింది. ఎప్పటినుంచే, అని అడిగింది. సిస్టరమ్మ పిడికిలి పట్టమన్నప్పటినుంచి, అంది పాప. మరి సెప్పొచ్చు గదే తల్లీ, అంది అవ్వ. నోట్లో పైపు ఉండె గదా, అని మొహం అటు తిప్పేసుకుంది పాప.

పిడికిలి పట్టమన్నప్పటినుంచి అంటే ఆ అరుపులన్నీ, ఆ గడియారం, మేనమామ మాటలు, వరండాలో డాక్టరు నన్ను పిలిచిన రోజు, అన్నిటికీ ముందు నుంచి. అన్ని రోజులూ నా ఊపిరి నేను తీసుకుంటాను అని ఆ పిల్ల లోపల లోపల మొత్తుకుంటూనే ఉంది, మేం ఇంతమంది పెద్దవాళ్ళం చుట్టూ చేరి దాని నోరు నొక్కుతూనే ఉన్నాం. నా విసుగు, నా కోపం అనుకుంటూ తిరిగాను కానీ, ఆ మంచం మీద పడుకున్న పిల్ల విసుగు ముందు నాది ఏపాటిది?

ఇంగ నొక్కనులే తల్లీ, అంది అవ్వ. అని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చుంది. జావ చల్లారిపోతోంది తాగించమని నేను గిన్నె అందిస్తే, నువ్వే తాగించమ్మా, అంది. చేతులు మాత్రం బయటికి తీయలేదు.